పాత కోడ్‌ను తరలించే ముందు: భాషలను గుర్తించే కమాండ్ విషయంలో జాగ్రత్తలు

నాకు తెలిసిన ఒక బృందం ఇటీవల తమ పాత ప్రాజెక్టును కొత్త సర్వర్లకు తరలించాలనుకుని, అందులో ఏయే ప్రోగ్రామింగ్ భాషలున్నాయో తెలుసుకోవడానికి లింగ్విస్ట్ (ఫైళ్లను చూసి భాషలను గుర్తించే గిట్‌హబ్ సాధనం) కమాండ్‌ను నడిపింది. ఫలితంలో పీహెచ్‌పీ కనిపించకపోవడంతో కొత్త సర్వర్లలో పీహెచ్‌పీని స్థాపించలేదు. సరఫరాదారుల చెల్లింపులను నడిపే కోడ్ మొత్తం పీహెచ్‌పీలోనే, ‘వెండర్’ అని వారు పేరు పెట్టుకున్న ఫోల్డర్‌లో ఉంది. తరలింపు జరిగిన రాత్రి చెల్లింపులు నిలిచిపోయాయి.

కమాండ్ తన నియమం ప్రకారమే పనిచేసింది. ఫలితంలో లేని భాష ప్రాజెక్టులో కూడా లేదనుకోవడమే అసలు పొరపాటు, ఇదే పొరపాటు వల్ల నష్టపోయిన వారిని నేను ఇంతకుముందు కూడా చూశాను.

లెక్కలోకి రానివి: ‘వెండర్’, ‘నోడ్ మాడ్యూల్స్’ వంటి పేర్లున్న ఫోల్డర్లను లింగ్విస్ట్ బయటివారి కోడ్‌గా పరిగణించి వదిలేస్తుంది. ఇతర ప్రోగ్రాములు పుట్టించిన ఫైళ్లను, ‘డాక్స్’ వంటి ఫోల్డర్లలోని పత్రాలను కూడా వదిలేస్తుంది. జేసన్, యామల్, ఎస్‌క్యూఎల్ దాని దృష్టిలో డేటా కనుక, మామూలు ఎస్‌క్యూఎల్‌గా అది గుర్తించిన ఫైళ్లు ఎన్ని ఉన్నా ఆ భాష పేరు ఫలితంలో సాధారణంగా కనిపించదు. సబ్‌మాడ్యూళ్ల (ప్రాజెక్టు లోపల జతచేసిన వేరే గిట్ రిపాజిటరీల) లోపలికి లింగ్విస్ట్ వెళ్లదు. బ్రేక్‌డౌన్ ఆప్షన్ ఇస్తే ఏ భాష కింద ఏ ఫైళ్లను లెక్కించిందో చూపుతుంది కానీ, వదిలేసిన ఫైళ్లను అక్కడ కూడా చూపదు. అందుకే గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ కమాండ్ ఇచ్చే ఫైళ్ల పూర్తి జాబితాను పక్కన పెట్టుకుని, ఏ ఫైళ్లు తప్పిపోయాయో మీరే సరిపోల్చుకోవాలి.

లెక్కలోకి వచ్చినా తప్పుదోవ పట్టించేవి: శాతాలను బైట్ల ప్రకారం లెక్కిస్తారు, కాబట్టి పొడవైన ఒక్క ఫైలు చిన్న ఫైళ్ల సమూహాన్ని మరుగుపరచగలదు. డాట్ హెచ్ ఫైలు సీ, సీ ప్లస్ ప్లస్, ఆబ్జెక్టివ్-సీలలో ఏదైనా కావచ్చు. డాట్ పీఎల్ ఫైలు పెర్ల్ కావచ్చు, ప్రోలాగ్ కూడా కావచ్చు. ఇటువంటి చోట్ల కమాండ్ ఫైలులోని పాఠాన్ని బట్టి అంచనా వేస్తుంది, ఆ అంచనా తప్పవచ్చు.

ఇక ఈ పనులు తప్పనిసరిగా చేయండి.

మార్పులను కమిట్ చేసిన (గిట్‌లో నమోదు చేసిన) తరువాతే కమాండ్ నడపండి, ఎందుకంటే రిపాజిటరీలో అది చదివేది కమిట్ అయిన రూపాన్నే.

మీ సొంత కోడ్ ‘వెండర్’ ఫోల్డర్‌లో ఉంటే గిట్‌ఆట్రిబ్యూట్స్ (ఫైళ్లకు ప్రత్యేక సూచనలు రాసే) ఫైలులో ఆ ఫోల్డర్‌కు లింగ్విస్ట్-వెండర్డ్ విలువను ఫాల్స్ అని రాయండి. ఆ ఫైలును కూడా కమిట్ చేయండి, లేకపోతే ఫలితం మారదు.

అనుమానమున్న ఫైలును విడిగా కమాండ్‌కు ఇచ్చి చూడండి. దాన్ని బయటి కోడ్‌గా భావిస్తుంటే ఆ సంగతి అక్కడ చెబుతుంది.

ఎక్స్‌టెన్షన్ గానీ షెబాంగ్ (ఏ ప్రోగ్రాముతో నడపాలో చెప్పే మొదటి వరుస) గానీ లేని స్క్రిప్టులను చేత్తో వెతకండి.

క్రాన్ (నిర్ణీత సమయాల్లో పనులను నడిపే వ్యవస్థ) పట్టికలో ఉన్న ప్రతి స్క్రిప్టునూ తెరవండి.

ఒక శాతం కన్నా తక్కువ కనిపించిన భాషను కొట్టివేయకండి.

ఫలితంలో లేదన్న ఒక్క కారణంతో ఏ రన్‌టైమ్‌నూ (ఒక భాషలోని కోడ్‌ను నడిపే ప్రోగ్రామునూ) తీసివేయకండి. పాత సర్వర్‌లో నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితాను చూడనిదే ఆ సర్వర్‌ను ఆపకండి.