నల్లమల దారిలో శ్రీశైలం: కారు తీసే ముందు

హైదరాబాదు నుంచి వెళ్తుంటే మన్ననూరు చెక్‌పోస్టు దాటినప్పటి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వు మొదలవుతుంది. అందుకే ఇవి ముందే సరిచూసుకోండి.

• సమయం: రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారిలో వాహనాలను వదలరు. ఆఖరి నిమిషంలో గేటు దాటి గెలిచామనుకుంటే, ఆ మలుపులన్నీ చీకట్లోనే తిరగాలి. వెలుగుండగానే అడవి దాటేలా బయలుదేరండి.

• స్టెప్నీ: నాలుగు టైర్లకూ గాలి పట్టించి ఐదోదాన్ని మరిచిపోవడం మనవాళ్లకు అలవాటు. పైగా దుకాణంలో మెషిన్‌తో బిగించిన నట్లు చేతి స్పానర్‌కు ఒక పట్టాన లొంగవు. ఇంటి దగ్గరే ఒక్కోటి వదులు చేసి, మళ్లీ బిగించి చూడండి. దారిలో మార్చాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి అడ్డుపెట్టి, నట్లు వదులు చేశాకే జాకీతో ఎత్తండి. బండి లేచాక బలం ప్రయోగిస్తే జాకీ జారుతుంది.

• బ్రేకులు: దోమలపెంట (ఇప్పుడు బ్రహ్మగిరి) దాటాక కృష్ణ వైపు దిగుడు. రెండో గేరులో దిగండి. న్యూట్రల్‌లో పెట్రోలు మిగిల్చే తెలివితేటలు ఇక్కడ వద్దు.

• పెట్రోలు: కల్వకుర్తిలోనే నింపుకోండి.

• ఫోను: అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకున్నా, వేరే నెట్‌వర్కు అందితే అత్యవసర నంబరు 112 కలుస్తుంది.

• కోతులు: తిండి పెట్టకండి, అద్దాలు దించకండి.