కొన్న ఆటగాళ్ల ఖర్చుకు ఎన్ని కప్పులొచ్చాయి? ప్రత్యర్థి క్లబ్బుల లెక్క తీసే పద్ధతి

ఒక్క సీజన్ చూసి ఏ ఫుట్‌బాల్ క్లబ్బునూ తూచకూడదు. కొత్త ఆటగాడు కుదురుకోవడానికే చాలాసార్లు ఏడాది పడుతుంది. కనీసం ఐదు సీజన్లు తీసుకోండి, రెండు క్లబ్బులకూ అవే సీజన్లు. సీజన్ మధ్యలో, జనవరిలో కొన్నవాళ్లను అప్పుడు నడుస్తున్న సీజన్ కిందే రాయాలి. ఒకచోట పౌండ్లు, మరోచోట యూరోలు పెడితే లెక్క మొదట్లోనే చెడుతుంది.

షీట్‌లో ఆటగాడికో వరుస. కొన్న ధర, అమ్మిన ధర, బోనస్‌లు, ఒప్పందం ఎన్నేళ్లు అన్నవి వేర్వేరు గడుల్లో ఉండాలి. కొనుగోళ్లు మాత్రమే కూడితే తప్పుదారి పడతాం. 2018 జనవరిలో లివర్‌పూల్ కౌటిన్యోను బార్సెలోనాకు అమ్మింది, బోనస్‌లతో కలిపి 14.2 కోట్ల పౌండ్ల ఒప్పందం. అదే ఏడాది వాన్ డైక్‌కు 7.5 కోట్లు, అలిసన్‌కు దాదాపు 6.7 కోట్లు పెట్టింది. రాబడి, పోబడి ఇంచుమించు సమానం! తర్వాత 2019లో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అగ్ర పోటీ), 2019-20లో ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్) వచ్చాయి. అయితే బోనస్‌లు షరతులు నెరవేరితేనే చేతికొస్తాయి, అందుకే వాటికి వేరే గడి. మాంచెస్టర్ యునైటెడ్ 2016లో పోగ్బాను 8.9 కోట్లకు కొంది. 2022లో ఒప్పందం ముగిసి అతను వెళ్లిపోయాడు కాబట్టి అమ్మకం గడిలో సున్నా.

క్లబ్బు ఖాతాల్లో ఈ ధర ఒకేసారి పడదు, ఒప్పందం ఏళ్లకు పంచుతారు. 2023 జనవరిలో చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌ను 10.68 కోట్ల పౌండ్లకు ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందంతో తీసుకుంది. ఏడాదికి సుమారు 1.26 కోట్లే. ఐదేళ్లకు పంచితే 2.14 కోట్లు అయ్యేది. ఆ వేసవి నుంచి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ, కొత్త ఒప్పందాల ధరను ఐదేళ్లకు మించి పంచకూడదని పరిమితి పెట్టింది. మీ షీట్‌లో అందరికీ ఐదేళ్లే గరిష్ఠంగా పెట్టండి, పోలిక నిలుస్తుంది.

జీతాలు వదిలేయడమే అందరూ చేసే పెద్ద పొరపాటు. 2024లో ఎంబాపే రియల్ మాడ్రిడ్‌కు బదిలీ రుసుము (పాత క్లబ్బుకిచ్చే ధర) లేకుండా వచ్చాడు. అంత మాత్రాన అతను ఉచితం కాదు. మొత్తం జీతాల ఖర్చు క్లబ్బు వార్షిక నివేదికలో దొరుకుతుంది.

కప్పులన్నీ ఒకే విలువవి కావు. 38 మ్యాచ్‌ల లీగ్‌నూ, ఐదారు మ్యాచ్‌ల లీగ్ కప్‌నూ ఒకే గాటన కట్టడం అన్యాయం. లీగ్‌కూ ఛాంపియన్స్ లీగ్‌కూ 10, ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్‌కూ యూరప్ రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్‌కూ 4, లీగ్ కప్‌కు 2, ఒక్క మ్యాచ్‌తో తేలేవాటికి సున్నా ఇవ్వమంటాం. 2013-14 నుంచి 2023-24 వరకు వేసి చూడండి. మాంచెస్టర్ సిటీకి 7 లీగ్‌లు, ఒక ఛాంపియన్స్ లీగ్, 2 ఎఫ్‌ఏ కప్‌లు, 6 లీగ్ కప్‌లు, అంటే సరిగ్గా 100 పాయింట్లు. యునైటెడ్‌కు 2 ఎఫ్‌ఏ కప్‌లు, 2 లీగ్ కప్‌లు, ఒక యూరోపా లీగ్ కలిపి 16. కప్పులు ఊరికే లెక్కిస్తే సిటీకి 16, యునైటెడ్‌కు 5, తేడా మూడు రెట్లే కనిపిస్తుంది. విలువ కడితే ఆరు రెట్లు దాటింది.

చివర్లో భాగహారం. ఖర్చును పాయింట్లతో భాగిస్తే, ఏమీ గెలవని క్లబ్బు దగ్గర షీట్ తప్పు చూపిస్తుంది. అందుకే పాయింట్లను ఖర్చుతో భాగించండి. అమ్మకాలు ఎక్కువైన క్లబ్బుకు నికర ఖర్చు (కొనుగోళ్లలోంచి అమ్మకాలు తీసేస్తే మిగిలేది) మైనస్‌లోకి పోతుంది కాబట్టి కింద పెట్టాల్సింది అది కాదు, జీతాలూ ఏటేటా పంచిన ధరా కలిపిన మొత్తం.