ఒకే చార్టులో లీటర్లు, వెన్న శాతం: రెండో యాక్సిస్ పెట్టుకోవడం ఎలా?

పాల కేంద్రం లెక్కలు చూసేవాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. నెలకు వచ్చిన పాలు వేల లీటర్లలో ఉంటాయి. వెన్న శాతమేమో ఆరు, ఏడు దగ్గర ఆగిపోతుంది. రెండింటినీ ఒకే చార్టులో వేస్తే లీటర్ల కడ్డీలు ఎత్తుగా లేస్తాయి, వెన్న గీత మాత్రం అడుగున నేలకు అంటుకుపోతుంది. రైతుకు డబ్బులొచ్చేది ఆ వెన్న మీదే కదా, అదే కనిపించకపోతే ఎలా? దానికి కుడివైపున వేరే కొలత ఇవ్వాలి. ఎడమవైపు ఉండేది ప్రైమరీ యాక్సిస్, కుడివైపు వచ్చేది సెకండరీ యాక్సిస్.

ముందుగా షీట్‌లో మూడు కాలమ్‌లు రాసుకోండి: నెల, లీటర్లు, వెన్న శాతం. సాధన కోసం ఈ అంకెలు వాడండి.

జనవరి – 7200 – 6.8
ఏప్రిల్ – 5100 – 7.2
జూలై – 5600 – 6.9
అక్టోబర్ – 7900 – 6.3

వెన్న గడిలో అంకె ఒక్కటే ఉండాలి. పక్కన "శాతం" అని రాస్తే ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది, గీత సరిగ్గా రాదు. నెలల బదులు 2023, 2024 అని సంవత్సరాలు రాస్తే ఇంకో చిక్కు: వాటినీ లెక్కలే అనుకుని కడ్డీలు వేసేస్తుంది. అలాంటప్పుడు ఆ కాలమ్ పై గడిని ఖాళీగా వదిలేయండి.

ఎక్సెల్‌లో: శీర్షికలతో సహా మొత్తం సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్ ట్యాబ్‌లో రికమండెడ్ చార్ట్స్ నొక్కండి. ఆల్ చార్ట్స్‌లో చివర్న కాంబో ఉంటుంది. లీటర్లకు క్లస్టర్డ్ కాలమ్, వెన్నకు లైన్ విత్ మార్కర్స్ ఎంచుకుని, వెన్న పక్కనున్న సెకండరీ యాక్సిస్ గడిలో టిక్ పెట్టి ఓకే చేయండి. చార్టు ముందే వేసి ఉంటే వెన్న గీత మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ డేటా సిరీస్‌లో సెకండరీ యాక్సిస్ ఎంచుకుంటే చాలు.

గూగుల్ షీట్స్‌లో: ఇన్సర్ట్, చార్ట్ నొక్కి, సెటప్‌లో కాంబో చార్ట్ ఎంచుకోండి. కస్టమైజ్‌లో సిరీస్ తెరిచి, వెన్న శాతాన్ని ఎంచుకుని, యాక్సిస్ దగ్గర రైట్ యాక్సిస్ పెట్టండి.

రెండింటినీ కడ్డీలుగా మాత్రం పెట్టకండి. ఎక్సెల్‌లో కుడి యాక్సిస్ కడ్డీలు ఎడమవాటి మీదే వచ్చి కూర్చుంటాయి, వెనకవి కనపడవు. రెండూ గీతలైనా తంటాయే. మొదట్లో నేను అలాగే వేసి మా పెదనాన్నకు చూపించాను. ఆయన రెండు గీతలూ కలిసిన చోట వేలు పెట్టి, "ఒరేయ్, ఈ నెల ఏం జరిగింది?" అని అడిగారు. ఏమీ జరగలేదు. లీటర్లు, శాతం ఒకచోట కలవడానికి అర్థమే లేదు, స్కేలు మారిస్తే ఆ కలిసే చోటూ మారిపోతుంది. అప్పటినుంచి ఒకటి కడ్డీలు, ఒకటి గీత. ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇక అసలు పని స్కేలు. చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తారు, నా మాట వింటే మీరే పెట్టుకోండి. ఎక్సెల్‌లో ఎడమ అంకెల మీద డబుల్ క్లిక్ చేసి, బౌండ్స్‌లో మినిమమ్ 0, మ్యాక్సిమమ్ 8000, మేజర్ యూనిట్ 2000 ఇవ్వండి. కడ్డీలున్న వైపు సున్నా నుంచే మొదలవ్వాలి. 5000 నుంచి మొదలుపెడితే ఏప్రిల్ కడ్డీ దాదాపు మాయమై, పాలు రావడమే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కుడివైపు మినిమమ్ 6, మ్యాక్సిమమ్ 8, మేజర్ యూనిట్ 0.5 ఇవ్వండి. గీతకు సున్నా తప్పనిసరి కాదు. ఇప్పుడు రెండువైపులా ఐదేసి అంకెలు ఒకే వరుసలో నిలబడతాయి: 2000 ఎదురుగా 6.5, 4000 ఎదురుగా 7. వెనకున్న అడ్డగీతలు రెండువైపులకూ సరిపోతాయి. కాకపోతే 6 నుంచి 8 మధ్యనే చూపిస్తున్నాం కాబట్టి చిన్న తేడా కూడా పెద్దగా కనిపిస్తుంది. అందుకే గీత మీద రైట్ క్లిక్ చేసి యాడ్ డేటా లేబుల్స్ ఇవ్వండి, అసలు అంకె పక్కనే ఉంటుంది.

చివరగా, చార్టు పక్కనున్న ప్లస్ గుర్తులో యాక్సిస్ టైటిల్స్ టిక్ చేసి ఎడమవైపు "పాలు (లీటర్లు)", కుడివైపు "వెన్న (శాతం)" అని రాయండి. గీత నారింజ రంగైతే కుడి అంకెలకూ అదే రంగు వేయండి. కేంద్రం గోడకు అంటించడానికి నలుపు తెలుపులో ప్రింట్ తీస్తారా, అయితే రంగులు పనిచేయవు. కడ్డీలను లేత బూడిద రంగులోకి, గీతను ముదురు నలుపులోకి మార్చి ప్రింట్ ఇవ్వండి.