సంవత్సరీకానికి నాన్నగారి జ్ఞాపకాల పుస్తకం: అమ్మ మాటల నుంచి అచ్చు దాకా

సంవత్సరీకం నాడు పంచే స్మారక సంచికలు చాలావరకు పేరు మారిస్తే ఏ ఇంటి పెద్దాయనకైనా సరిపోయేలా ఉంటాయి. నిరాడంబరులు, ఆదర్శప్రాయులు, అజాతశత్రువులు. ఎనభై ఏళ్లు పైబడి బతికి, యాభై అరవై ఏళ్లు కాపురం చేసి, పిల్లలందరినీ ఒక ఒడ్డుకు చేర్చిన మనిషి గురించి అంతకంటే చాలా చెప్పాలి. చెప్పగలిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు, కాని వాళ్లూ పెద్దవాళ్లే. అందుకే ముందు మనుషుల దగ్గరికి వెళ్లండి, తరవాత కాగితాలు వెతకండి. ఫొటోలు, అచ్చు ఆ తరవాత. ఎక్కువమంది ఫొటోలతో మొదలుపెట్టి వాటి దగ్గరే అలిసిపోతారు.

గడువు లెక్క మాత్రం మొదటి రోజే చూసుకోవాలి. సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి ఇంగ్లీషు తేదీకి పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. మధ్యలో అధిక మాసం పడితే పద్ధెనిమిది, పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. ప్రెస్సువాళ్లకు ఇంగ్లీషు తేదీ చెప్పి కూర్చుంటే భోజనాలు అయిపోయాక పుస్తకాలు వస్తాయి. పురోహితుణ్ణి అడిగి తేదీ రాసుకుని, దానికి నెల ముందే ఫైలు ప్రెస్సుకు చేరేలా పెట్టుకోండి.

అమ్మ దగ్గర మొదలుపెట్టండి

పన్నెండో రోజు దాటగానే వద్దు. రెండు మూడు మాసికాలు గడవనివ్వండి. అంతకుమించి ఆగొద్దు. ‘నాన్న ఎలాంటి మనిషమ్మా?’ అని అడిగితే ‘దేవుడు’ అంటుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. చిన్న చిన్నవి అడగాలి. పొద్దున లేవగానే మొదట ఏం చేసేవారు? జీతం తెచ్చి ఎవరి చేతికిచ్చేవారు? నీకు జ్వరం వస్తే వంట ఎవరు చేసేవారు? ఇద్దరికీ మాట పట్టింపు వస్తే ముందు పలకరించేది ఎవరు? ‘మిరియాల చారు పెట్టేవారు, ఉప్పు ఎప్పుడూ ఎక్కువే వేసేవారు’ అన్న ఒక్క వాక్యం పది ‘ప్రేమమూర్తి’లకు సమానం. దాన్ని దిద్దకుండా అలాగే వేయండి.

చేతికి ఒక పాత ఫొటో ఇచ్చి అడిగితే మాటలు ఇంకా బాగా వస్తాయి. ఫోనుని విమానం మోడులో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, ఆవిడకు అడుగు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపండి. ఫ్యాను హోరు తరవాత ఎంత తీసినా పూర్తిగా పోదు. ఒక్కో విడత నలభై నిమిషాలకు మించొద్దు. కళ్లనీళ్లు పెట్టుకుంటే రికార్డింగు చటుక్కున ఆపేయకండి, మాట మార్చకండి. ఊరికే పక్కన కూర్చోండి. చాలాసార్లు అసలు మాట ఆ తరవాతే వస్తుంది. ఏది పుస్తకంలోకి వెళ్లాలో, ఏది వద్దో ఆవిడే చెప్పాలి. ప్రతి రికార్డింగునీ అదే రోజు రెండుచోట్ల దాచండి.

తరవాత ఆయన తోబుట్టువులు, తోడల్లుళ్లు, పాత సహోద్యోగులు. పెద్దవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. ఒకరు ‘బావగారు’ అంటారు, ఒకరు ‘పెదనాన్న’, ఇంకొకరు ‘మాస్టారు’. అన్నిటినీ ‘ఆయన’గా మార్చేస్తే చెప్పినవాళ్ల గొంతు పోతుంది. ఎవరి పిలుపు వారికే ఉంచండి.

ఏ సంవత్సరమో తేల్చడం

పెద్దవాళ్లకు తేదీలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. ‘దివిసీమ ఉప్పెనకు ముందా, తరవాతా?’ అని అడగండి. అది 1977 నవంబరు 19. పోలీసు చర్య 1948 సెప్టెంబరు, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు 1956 నవంబరు 1, గోదావరి పెద్ద వరద 1986 ఆగస్టు. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. ‘పుష్కరాలకు వెళ్లినప్పుడు చిన్నది చంకలో ఉంది’ అన్నారంటే సంవత్సరం దొరికినట్టే.

పుట్టిన సంవత్సరం ‘తారణ’ అని చెబితే 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి ఏ ఆవృత్తమో వయసును బట్టి తెలిసిపోతుంది. పాత పహాణీల్లో (పొలం రికార్డుల్లో) ఫసలీ, అంటే పాత రెవెన్యూ లెక్క సంవత్సరం, ఉంటే 590 కలపండి: ఫసలీ 1364 అంటే 1954-55.

బడి రికార్డులోని పుట్టినతేదీని కళ్లు మూసుకుని నమ్మొద్దు. బడిలో వేసేటప్పుడు వయసు సరిపోయేలా జూలై 1 అని రాయించడం ఆ తరంలో మామూలు. జాతకం, సర్టిఫికెట్టు వేరుగా ఉంటే పుస్తకంలో రెండూ వేసి ఏది దేనిలోదో చెప్పండి.

కాగితాలు

సర్వీసు రిజిస్టరు, పెన్షను ఉత్తర్వు, పట్టాదారు పాసుపుస్తకం, శుభలేఖ, ఉత్తరాలు. ఇన్‌లాండు లెటర్లు రెండువైపులా స్కాన్ చేయండి. లోపల తేదీ లేకపోయినా పైన పోస్టు ముద్ర మీద ఉంటుంది. ఖర్చుల డైరీ దొరికితే దాన్ని మించింది లేదు. వారమంతా పిల్లల ఫీజు, కిరోసిను, ఆవిడ కళ్లజోడు అని రాసి, తనకోసం ‘చెప్పులు కుట్టించినది’ అని ఒక్క పద్దు ఉన్న పేజీని పూర్తి సైజులో అచ్చు వేయండి. కింద వ్యాఖ్యానం రాయకండి. ఆధారు, బ్యాంకు ఖాతా, సర్వే నంబర్లు ఉన్న పేజీలు మాత్రం అచ్చులోకి వెళ్లకూడదు.

తీర్చిన అప్పులు, తప్పిన ఉద్యోగం, పిల్ల పెళ్లికి అమ్మిన ఎకరం, ఇవి దాచాల్సినవి కావు. ఆయన ఎంత మోశారో తెలిసేది వాటివల్లే. బతికున్నవాళ్ల మధ్య నడుస్తున్న ఆస్తి తగాదాలు మాత్రం వద్దు.

ఫొటోలు

పోస్టుకార్డు సైజు ఫొటోని 600 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), పాస్‌పోర్టు సైజుని 1200లో స్కాన్ చేయాలి. గోడ మీది పటంలో ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగొద్దు, మొహమే ఊడివస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి. జిగురు పేజీల ఆల్బంలో అంటుకుపోయినవాటి కిందికి పళ్ల మధ్య వాడే సన్నని దారం పోనిచ్చి, అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ విడదీయండి. వెనక పేర్లు మెత్తని పెన్సిలుతోనే రాయండి. బాల్‌పెన్ను ముందువైపు గీతలై తేలుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపించమనండి.

ఫొటో కింద ‘చిన్నత్త’ అని రాస్తే అమెరికాలో ఉన్న మనవలకు ఎవరో తెలియదు. ఇంటిపేరుతో పూర్తి పేరు రాసి, ‘కూర్చున్నవారు, ఎడమ నుంచి’, ‘నిలబడినవారు, ఎడమ నుంచి’ అని విడివిడిగా వేయండి. వంశవృక్షంలో ఆడపిల్లలూ, కోడళ్లూ అందరూ ఉండాలి.

అచ్చు

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. 48 పేజీలు హాయిగా ఉంటాయి, 64 దాటితే అంటించే బైండింగు మేలు. రాతకు 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లిథో కాగితం, ఫొటోలకు 130 ఆర్టు పేపరు, అట్టకు 300 ఆర్టు కార్డు. వంద, నూటయాభై కాపీలకు డిజిటల్ ప్రింటు చాలు. అయిదారు వందలు కావాలంటే ఆఫ్‌సెట్ చవక. చదివేది పెద్దవాళ్లు కూడా కాబట్టి అక్షరం 14 పాయింట్లకు తగ్గించొద్దు.

ఎక్కువ తప్పులు దొర్లేది డీటీపీలో, అంటే కంప్యూటరులో పేజీలు కూర్చేటప్పుడు. మీరు ఫోనులో కొట్టేది యూనికోడు. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడు కాని పాత అను ఫాంట్లే. మార్పిడిలో వత్తులు చెదిరిపోతాయి, పొల్లులు మాయమవుతాయి. తెర మీద చూసి సరేననకుండా కాగితం ప్రూఫు తీయించి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు మూలం పట్టుకుని సరిచూడాలి. పేర్లు, తేదీలు, ఫొటోల కింది రాతలు రెండోసారి విడిగా చూడండి. దిద్దుబాట్లు చెప్పేది అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఒక్కరే అయి ఉండాలి. నలుగురు నాలుగు ప్రూఫులు పంపితే డీటీపీ అతను పాత ఫైలులో దిద్దేస్తాడు.

పిలుపుల లెక్క మీద ఒక పాతిక కాపీలు ఎక్కువ వేయించండి. తెలియని ఊళ్లనుంచి ఆయన సాయం పొందినవాళ్లు వస్తారు. పీడీఎఫ్‌తోపాటు అమ్మ రికార్డింగులూ, అసలు స్కాన్లూ పిల్లలందరికీ తలా ఒక పెన్‌డ్రైవులో ఇవ్వండి. ఏ కాగితం ఎవరింట్లో ఉందో ఒక జాబితా రాసి అందులోనే పెట్టండి.