సముద్రంలో అలలు లేని చోటు కనిపిస్తే, అక్కడే దిగకండి

పోయిన వారం తెలిసినవాళ్ళ ద్వారా ఒక వీడియో నా ఫోన్‌కి వచ్చింది. గట్టిగా 40 సెకన్లు ఉంటుంది. సెలవులకి బీచ్‌కి వెళ్ళినవాళ్ళు తీసుకున్నది. ముగ్గురు కుర్రాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి నవ్వుతున్నారు. వాళ్ళకి కుడిపక్కా ఎడమపక్కా అలలు తెల్లటి నురగతో విరిగి పడుతున్నాయి. వాళ్ళున్న చోట మాత్రం నీళ్ళు ముదురు రంగులో, నున్నగా ఉన్నాయి. ‘ఇక్కడ అలలు లేవు, పిల్లల్ని కూడా తీసుకురండి’ అని ఒకడు చెయ్యి ఊపుతున్నాడు. అక్కడితో వీడియో అయిపోయింది. ఆ ముగ్గురిలో ఇద్దరే ఒడ్డుకి వచ్చారు.

సన్‌స్క్రీన్, టోపీ, నీళ్ళ బాటిల్ గురించి మీకు ఎవరైనా చెబుతారు. నేను ఆ నున్నటి నీళ్ళ గురించి చెప్పాలి. ఈత రానివాళ్ళూ, పిల్లలున్నవాళ్ళూ భయపడి, జాగ్రత్తపడి, ఏరికోరి మరీ అక్కడే దిగుతారు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ ఇలా మొదలైనవే.

అలలు తెచ్చి ఒడ్డున పోసిన నీరంతా మళ్ళీ లోపలికి వెళ్ళాలి కదా. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ లోతు దొరికితే అక్కడ కాలువలా కూడి వెనక్కి పోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. లోతు ఉంది కాబట్టి అక్కడ అల విరగదు. విరగలేదు కాబట్టి మనకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కొన్నిసార్లు సెకనుకి 2.5 మీటర్ల వేగం కూడా అందుకుంటుంది. ఒలింపిక్ ఈతగాడు సైతం ఎదురీది గెలవలేని వేగం అది.

ఒకసారి అలాంటి చోట ఒడ్డున నిలబడి ఎండుకొమ్మ విసిరి చూశాను. పక్కనున్న అలల్లో పడిన చెత్తంతా ఒడ్డుకే కొట్టుకొస్తోంది. నా కొమ్మ మాత్రం ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు నేరుగా లోపలికి పోయింది. నిమిషం తిరక్కుండానే అలలు విరిగే గీత దాటేసింది. అప్పటిదాకా నేను కూడా అక్కడే దిగుదామనుకుంటున్నాను.

కాబట్టి బీచ్‌కి వెళ్ళగానే నీళ్ళలోకి పరిగెత్తకండి. కాస్త ఎత్తైన చోట నిలబడి పది నిమిషాలు చూడండి. తెల్లటి నురగ మధ్య నల్లటి దారి ఉందా? నురగా, బురద నీరూ సముద్రం వైపు పోతున్నాయా? ఉంటే అక్కడ దిగొద్దు. రాళ్ళ గుట్టలు, జెట్టీల పక్కన మరీ వద్దు, అక్కడ ఈ లాగుడు ఇంచుమించు ఎప్పుడూ ఉంటుంది. నిన్న దిగిన చోటే కదా అనుకోవద్దు. ఇసుక కదిలితే కాలువ కూడా కదులుతుంది.

పొరపాటున చిక్కుకుంటే? అది మిమ్మల్ని కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుంది, అంతే. ఒడ్డు దూరమవుతుంటే టెన్షన్‌తో ఒడ్డుకేసి ఎదురీదుతారు చూడండి, ఆ అలసటే ప్రాణం తీస్తుంది. ఎదురీదకండి. వెల్లకిలా తేలి ఊపిరి అందనివ్వండి, చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. ఆ ప్రవాహం చాలాసార్లు 25 మీటర్ల వెడల్పు కూడా ఉండదు. అలలు విరుగుతున్న చోటికి చేరితే ఆ అలలే ఒడ్డు వైపు తోస్తాయి.

మనవాడు కొట్టుకుపోతుంటే ఉత్త చేతులతో దూకకండి. కాపాడబోయినవాళ్ళు పోవడం ఎంత మామూలో ఏ లైఫ్‌గార్డ్‌నైనా అడగండి. ట్యూబ్, బంతి, మూత బిగించిన ఖాళీ క్యాన్, ఏది తేలితే అది విసరండి. ఒకరు లైఫ్‌గార్డ్ దగ్గరికి పరిగెత్తాలి. ఇంకొకరు కొట్టుకుపోతున్న మనిషి మీంచి చూపు తిప్పకూడదు.

రూములు సగం ధరకి దొరికే సీజన్‌లో వెళ్తున్నారా? ఎందుకు తగ్గించారో కనుక్కోండి. థాయ్‌లాండ్‌లో ఫుకెట్ పడమటి తీరంలో మే నుంచి అక్టోబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అదే దేశంలో అవతలి వైపున్న కో సముయి దీవిలో పెద్ద వానలు ఆ తర్వాత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. దేశం పేరు చూసి కాదు, తీరం చూసి టికెట్ కొనండి.

ఇక మిగతావి.

ఎరుపు, పసుపు కలిసిన జెండాల మధ్యే ఈదండి, లైఫ్‌గార్డ్ చూపు ఉండేది అక్కడే.

ఎర్రజెండా ఉంటే దిగొద్దు. ‘కాళ్ళు తడుపుకుంటాం, అంతే’ అనొద్దు.

ఊదారంగు జెండా అంటే నీళ్ళలో కుట్టే ప్రాణులున్నాయని.

మందు తాగి దిగొద్దు.

చీకటిపడ్డాక దిగొద్దు.

ఉరుము వినిపిస్తే వెంటనే బయటికి రండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

పిల్లలు చేతికందేంత దూరంలో ఉండాలి. కంటికి కనిపిస్తున్నారు కదా అంటే చాలదు. గాలి నింపిన బొమ్మలు లైఫ్ జాకెట్లు కావు.

ఇసుక అడుగున్న నీళ్ళలో పాదాలు ఎత్తి వేయకండి, ఈడ్చుకుంటూ నడవండి. టేకుచేప (స్టింగ్‌రే, తోకకి విషపు ముల్లున్న చేప) ఉంటే ఆ కదలికకి తప్పుకుంటుంది. ముల్లు గుచ్చితే చర్మం కాలనంత వేడి నీళ్ళలో కాలు పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి.

ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో నవంబరు నుంచి మే దాకా బాక్స్ జెల్లీఫిష్ ఉంటుంది, మనిషిని చంపగలదు. కుడితే వెనిగర్ పోయాలి. ఇసుకతో రుద్దొద్దు.

శంకువులా ఉన్న అందమైన గవ్వని చేత్తో తీయకండి. లోపల బతికున్న కోన్ నత్త విషపు ముల్లు విసురుతుంది.

మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నారా? ఆ మందుతో ఎండకి చర్మం త్వరగా కాలుతుంది. గొట్టంతో ఊపిరి తీస్తూ నీళ్ళ మీద బోర్లా తేలే స్నార్కెలింగ్‌కి నిండు చేతుల చొక్కాతోనే దిగండి.

డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది.

స్కూబా డైవ్ చేసిన రోజే విమానం ఎక్కొద్దు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు ఆగాలి.

లైసెన్స్ లేకుండా స్కూటర్ అద్దెకి తీసుకోవద్దు. దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వకపోవచ్చు.

కొబ్బరిచెట్టు కింద పడుకోవద్దు.

అలలు లేని చోట దిగొద్దు. మళ్ళీ చెబుతున్నా, రేపు మీ పిల్లలు ‘అమ్మా, అక్కడ అలలే లేవు’ అని చెయ్యి పట్టుకు లాగినా సరే, దిగొద్దు.

భూమి చాలాసేపు కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గి అడుగు బయటపడినా ఫోటోలకి ఆగకండి, సునామీ రావచ్చు. 2004 డిసెంబరు 26న అలా బయటపడ్డ నేల మీదికి చేపలు ఏరుకోవడానికి వెళ్ళినవాళ్ళున్నారు. సామాను వదిలేసి ఎత్తుకి పరిగెత్తండి. మొదటి అల తగ్గిందని కిందికి దిగి రాకండి, వెనకాల వచ్చేవి దానికన్నా పెద్దవి కావచ్చు, గంటల తరబడి వస్తూనే ఉండొచ్చు.