హంతకుడెవరో తెలిశాక కూడా చదివించే డిటెక్టివ్ నవల రాయాలంటే

డిటెక్టివ్ నవల మొదలుపెట్టిన కొత్తవాళ్లు రాతప్రతి నా చేతిలో పెడుతూ దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: "అమ్ముడుపోయేలా రాయమంటారా, నాలుగు కాలాలు నిలిచేలా రాయమంటారా?" ఒకే నవలలో రెండూ కుదురుతాయి. అందుకు పని ఎక్కడ చెయ్యాలో చెబుతాను.

తెనాలిలో మా నాన్నగారికి అద్దె పుస్తకాల షాపు ఉండేది. సాయంత్రాలు కౌంటర్లో నేను కూర్చునేదాన్ని. ఖాతా పుస్తకంలో ఒకే నవల పక్కన ఒకే మనిషి పేరు మళ్లీ మళ్లీ కనిపించేది. హంతకుడెవరో ఆవిడకి తెలుసు, అయినా అద్దె కట్టి మళ్లీ తీసుకెళ్లేది. నవల మొదటిసారి అద్దెకి వెళ్లడానికి సస్పెన్స్ చాలు. రెండోసారి వెళ్లాలంటే అందులో ఇంకేదో ఉండాలి. రాతప్రతి ఏది వచ్చినా నేను దీంతోనే కొలుస్తాను.

క్రైమ్ రాస్తే స్థాయి తగ్గుతుందనే భయం ఉంటే ముందు అది వదిలేయండి. 'త్వమేవాహం' కావ్యం రాసిన ఆరుద్ర, సమగ్ర ఆంధ్ర సాహిత్య చరిత్రకి పూనుకున్న ఆరుద్ర, డిటెక్టివ్ నవలలు కూడా రాశారు. అటు ఇంగ్లండులో కోనన్ డాయిల్ తన చారిత్రక నవలలే గొప్పవని నమ్మి, వాటికి అడ్డొస్తున్నాడని 1893లో షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలోకి తోసేశాడు. పాఠకులు ఊరుకోలేదు. 1903లో హోమ్స్‌ని మళ్లీ బతికించాల్సి వచ్చింది. ఇవాళ ఆ చారిత్రక నవలలు చదివేవాళ్లు ఎంతమంది? అందుకే ఎడమచేత్తో క్రైమ్ రాసేసి, కుడిచేత్తో 'అసలు సాహిత్యం' రాద్దామనుకోకండి. మీ దగ్గరున్న మంచి సరుకంతా ఇందులోనే పెట్టండి.

రాయడం మొదలుపెట్టే ముందు హత్య కథని హంతకుడి వైపు నుంచి ఒక్క పేజీలో, తేదీలతో సహా రాసుకోండి. అది పాఠకుడికి చూపించరు. ఆ పేజీలో 'ఆస్తి కోసం చంపాడు' అని ఉంటే మాత్రం కలం కింద పెట్టి ఇంకాస్త ఆలోచించండి. ఏ ఆస్తి? ఎవరి పేరు మీద ఉంది? మన ఊళ్లలో ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇస్తారు. చాలాసార్లు నోటిమాటే, కాగితం ఉండదు. కౌలు డబ్బులు ఏటా అన్నయ్యే తెచ్చి ఇస్తుంటాడు. పక్కనుంచి బైపాస్ రోడ్డు పడుతుందనగానే ఎకరం ధర కోట్లకి వెళుతుంది, అన్నయ్య రావడం మానేస్తాడు. ఇప్పుడు హత్యకి కారణం దొరికింది, దాంతోపాటు ఒక అన్నా ఒక చెల్లీ కూడా దొరికారు. హంతకుడు దొరికాక కూడా పాఠకుడి మనసులో ఆ ఇద్దరూ తిరుగుతూనే ఉంటారు.

ఇక మొదటి పేజీ. ఈమధ్య నాకొచ్చిన రాతప్రతుల్లో సగం ఈ ధోరణిలో మొదలవుతున్నాయి:

"అర్ధరాత్రి పన్నెండు గంటలైంది. ఎక్కడో కుక్క ఏడుస్తోంది. చీకటిగా ఉన్న రైసుమిల్లు గోడౌన్లో భయంకరమైన దృశ్యం! రక్తపు మడుగులో యజమాని శవం! వాచ్‌మన్ కెవ్వున అరిచాడు."

ఇందులో కుక్క, చీకటి, కేక అన్నీ అరువు తెచ్చుకున్నవే. ఇదే సంఘటన ఇంకోలా చూడండి:

"బస్తాలు లెక్కపెడుతున్న గుమాస్తా ముప్పై ఏడు దగ్గర ఆగాడు. ముప్పై ఎనిమిదో బస్తా మీద యజమాని చెయ్యి ఉంది. వేలికి ఉంగరం లేదు. గుమాస్తా మిగతా బస్తాలన్నీ లెక్కపెట్టి, చిట్టాలో అంకె వేసుకుని, అప్పుడు వెళ్లి వాచ్‌మన్‌ని లేపాడు."

శవం పక్కన పెట్టుకుని లెక్క పూర్తిచేశాడేమిటి ఈ మనిషి? ఆ ప్రశ్నతో పాఠకుడు పేజీ తిప్పుతాడు. ఉంగరం సంగతి రెండు మాటల్లో అయిపోయింది, కానీ అది క్లూ. అనుమానం గుమాస్తా మీదకి మళ్లింది కాబట్టి ఉంగరాన్ని ఎవరూ పట్టించుకోరు. చాలా పేజీల తర్వాత అసలు విషయం తెలుస్తుంది: తగ్గిన ప్రతి బస్తా ఖరీదూ ఇరవై ఏళ్లుగా అతని జీతంలోనే కోస్తున్నారు. యజమాని చచ్చినా లెక్క తప్పితే తనే కట్టాలేమోనన్న భయం అతన్ని వదల్లేదు. ఇది తెలిసి మళ్లీ మొదటి పేజీకి వస్తే అవే వాక్యాలు గుండె పిండుతాయి. మొదటి చదువులో సస్పెన్స్‌గా పనిచేసిన వాక్యం రెండో చదువులో ఒక బతుకుని చూపించాలి. నేను రాతప్రతుల మీద ఎర్రపెన్నుతో చేసే పనంతా దీనికోసమే. క్లూ పెట్టాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని ఎవరో ఒకరి కష్టంలోనో అలవాటులోనో దాచండి.

అధ్యాయం ముగింపు గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. వారపత్రికల సీరియళ్లు మనకి గొప్ప విద్య నేర్పాయి: ఈ వారం చదివిన మనిషి వచ్చే వారం దాకా ఆగలేకపోవాలి. ఇప్పుడు ఫోన్లో భాగాలుగా చదివేవాళ్లకీ అదే కావాలి. కానీ తలుపు దబదబా బాదిన చప్పుడుతో అధ్యాయం ఆపి, తర్వాతి భాగంలో వచ్చింది పాలవాడని చెబితే పాఠకుణ్ణి మోసం చేసినట్టే. చప్పుడు దగ్గర ఆపకండి, పాత్ర ఒక నిర్ణయం తీసుకున్న చోట ఆపండి. చెల్లెలు పోలీస్‌స్టేషన్ మెట్ల దాకా వెళ్లి, చేతిలో ఉన్న కౌలు కాగితం మడిచి జాకెట్లో దోపుకుని వెనక్కి తిరిగింది. అక్కడ ఆపితే టెన్షన్ దానంతటదే ఉంటుంది.

పోలీసు వ్యవహారం సరిగ్గా తెలుసుకుని రాయండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కనుక, మీ కథలో హత్య ఆ తర్వాత జరిగితే ఎస్సై 302 కింద కేసు కట్టడు, 103 కింద కడతాడు. శవ పంచనామాకి ఊళ్లో పెద్దమనుషుల్ని పిలుస్తారు, ఆ సన్నివేశం వదులుకోకండి. సంతకం పెట్టడానికి వెనకాడేవాడు ఒకడు అక్కడే కనిపించవచ్చు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేసింది. విషాల గురించి ఆమె అంత ధీమాగా రాయగలిగింది అందుకే. మీరు బ్యాంకులో పనిచేస్తుంటే హత్యని బ్యాంకు దగ్గర పెట్టండి.

మార్కెట్ అడిగేవాటిని చిన్నచూపు చూడొద్దు. అధ్యాయాలు చిన్నవిగా ఉంచండి. రమేష్, రాజేష్, రాకేష్ అని మూడు పాత్రలకి పేర్లు పెట్టి జనాన్ని తికమకపెట్టకండి. ఒక్క డిటెక్టివ్‌ని మాత్రం శ్రద్ధగా తయారుచేయండి. మా షాపుకొచ్చినవాళ్లు కొమ్మూరి సాంబశివరావు నవలల్ని పేర్లతో అడిగేవాళ్లు కాదు, "యుగంధర్, రాజు ఉన్నది ఇవ్వమ్మా" అనేవాళ్లు. ఆ ఇష్టం డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు అనే మనుషుల మీద ఉండేది. ఇంకొకటి, హంతకుణ్ణి పట్టించి తీరాలి. జీవితంలో అన్నిటికీ జవాబులు దొరకవంటూ చివర్లో కేసు తేల్చకుండా వదిలేస్తే లోతు వస్తుందని కొందరు అనుకుంటున్నారు. నేనొప్పుకోను. మొదటి పేజీలో మాటిచ్చారు, చివరి పేజీలో నిలబెట్టుకోండి.

రాతప్రతి పూర్తయ్యాక ఇద్దరికి ఇవ్వండి. ఒకరికి ఏమీ చెప్పొద్దు. రెండోవాళ్లకి హంతకుడెవరో, ఎందుకు చంపాడో ముందే చెప్పేయండి. చదువుతూ ఎక్కడ విసుగొచ్చి పక్కన పెట్టారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. మొదటివాళ్ల గీత ఉన్నచోట వేగం తగ్గింది, అక్కడ కత్తిరించండి. రెండోవాళ్ల గీతలకే అసలు సమయం కావాలి. అవి పడే చోట్ల సాధారణంగా రహస్యాన్ని దాచిపెట్టడం తప్ప ఇంకేమీ జరగదు: డిటెక్టివ్ కారులో తిరుగుతుంటాడు, అనుమానితులు వరసగా వచ్చి తాము ఎక్కడున్నామో చెప్పి వెళ్లిపోతుంటారు. ఆ అనుమానితుల్లో ఒకర్ని తీసుకోండి. హత్యకి సంబంధం లేని, కానీ బయటపడితే ఆమె పరువు పోయే అబద్ధం ఒకటి ఆమె చేత ఆడించండి. అది ఎందుకు ఆడాల్సి వచ్చిందో మీకు పూర్తిగా తెలిశాక ఆ పేజీలు మొదటినుంచి తిరగరాయండి.