సైకియాట్రిక్ నర్స్ అవ్వాలంటే: హైదరాబాద్‌లో చదివే పిల్లలకి

నర్సింగ్ చదివే పిల్లలు ఈ మధ్య ఎక్కువ అడిగేది ఇదే, అక్కా సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ అవ్వాలంటే ఏం చెయ్యాలి అని. ముందు ఒకటి క్లియర్‌గా తెలుసుకోండి, ఆ హోదా అమెరికాది, అక్కడ వాళ్ళే డయాగ్నసిస్ చేసి మందులు రాస్తారు, కొన్ని రాష్ట్రాల్లో డాక్టర్ పర్యవేక్షణ కూడా అక్కర్లేదు. మన దగ్గర మందు రాసేది డాక్టరే, మనం సైకియాట్రిక్ నర్సులం. అట్లని మన పని చిన్నదేం కాదు, రౌండ్స్‌లో డాక్టర్ చూసేది కాసేపే, మిగతా రోజంతా పేషెంట్ పక్కన ఉండేది మనమే.

దారి విషయానికొస్తే బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, లేదా మూడేళ్ళ జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చేసి రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయ్యాక ఒక ఏడాదైనా వార్డులో పని చెయ్యండి, ఎమ్మెస్సీకి ఆ ఎక్స్‌పీరియన్స్ అడుగుతారు కూడా. ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ రెండేళ్ళు, అంత టైం లేకపోతే ఏడాది డిప్లొమా ఉంది, బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థ ఉంది, అందులో సీటొస్తే మాత్రం వదలొద్దు. ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌లో పోస్టింగ్ పడితే ఇంట్లో చెప్పడానికే మొహమాటపడతారు కొందరు, మన ఊళ్ళో ఆ పేరు తిట్టు కింద వాడతారు కదా, నాకైతే ఆ మాట వింటే ఇప్పటికీ కడుపు మండుతుంది. పని నేర్చుకునేది అక్కడే, సంతోషంగా వెళ్ళండి. అమెరికాయే కావాలంటే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష రాసి ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్స్ అయ్యి, అక్కడ పీఎంహెచ్ఎన్‌పీ, అంటే సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్స్ చేసి సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి.

ఇప్పుడు అసలు పని. కొత్త కేస్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటారు, ఆ అబ్బాయి మాత్రం తలొంచుకుని షర్ట్ గుండీ తిప్పుతూ కూర్చుంటాడు. వాళ్ళని కాసేపు బయట కూర్చోమని, మీరు కుర్చీ కొంచెం పక్కగా లాక్కుని కూర్చోండి, తలుపు దారి ఇద్దరికీ ఖాళీగా ఉండాలి. రోగం గురించి ఎత్తొద్దు, రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున ఏం తిన్నావ్ అని అడగండి, నిద్ర దగ్గర మొదలుపెడితే మిగతావి మెల్లగా అవే వస్తాయి. పాతబస్తీ నుంచి వచ్చినవాళ్ళతో నాలుగు ముక్కలు ఉర్దూలో మాట్లాడితే సగం భయం పోతుంది, నేర్చుకోండి. చెవిలో ఎవరో తిడుతున్నారంటే అలాంటివేం లేవని వాదించకండి, అవునని ఒప్పుకోకండి కూడా, నాకు వినపడట్లేదు గానీ నీకెంత భయంగా ఉందో తెలుస్తోంది అనండి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగాల్సిందే, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఇంట్లో పురుగులమందు, టాబ్లెట్లు ఉన్నాయా కూడా అడిగి, ఒంటరిగా వదలకుండా డాక్టర్‌ని పిలవండి.

మందుల్లో నాకు లిథియం అంటే ఎప్పుడూ జాగ్రత్తే, మూడ్ విపరీతంగా మారే బైపోలార్ జబ్బుకి ఇచ్చే మందు అది, ముఖ్యంగా మన మే నెల ఎండల్లో. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది, చేతులు బాగా వణకడం, వాంతులు, మాట తడబడటం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి డోస్ ఇవ్వకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పండి. లిథియం లెవెల్ టెస్ట్‌కి రక్తం చివరి డోస్ అయిన 12 గంటలకి తియ్యాలి, పొద్దున టాబ్లెట్ వేసేసి తీస్తే ఆ రిపోర్ట్‌ని నమ్మలేం. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్ళని ముందే అడిగి డాక్టర్‌తో మాట్లాడించండి.

మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 కూర్చుని చదవండి, గొలుసులు ఎక్కడా వెయ్యకూడదు, చేతులు కట్టాల్సి వచ్చినా సైకియాట్రిస్ట్ అనుమతితో, ప్రమాదం తప్పేవరకే, స్టాఫ్ తక్కువ ఉన్నారనో బుద్ధి చెప్పాలనో కట్టడానికి లేదు. దర్గాకి తీసుకెళ్ళాం, తాయెత్తు కట్టించాం అంటే మొహం చిట్లించకండి, తాయెత్తు ఉండనివ్వండి, మందు ఆపొద్దని చెప్పండి చాలు.

డిశ్చార్జ్ రోజు తొందరపడొద్దు. ఈసారి జబ్బు ఎట్లా మొదలైంది, నిద్ర తగ్గిందా, స్నానం మానేశాడా, అవి ఇంట్లోవాళ్ళతోనే చెప్పించి తెలుగులో రాసివ్వండి. టాబ్లెట్ పొడి చేసి చారులో కలుపుతున్నారేమో అడగండి, చాలా ఇళ్ళల్లో కలుపుతారు, తెలిసిన రోజు ఆ పిల్లాడు ఇంట్లో అన్నమే ముట్టడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్ వాళ్ళమ్మ ఫోన్‌లో మీరే సేవ్ చేసి, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చని చెప్పి పంపండి.